జవాబు ఎవరిది? పునఃకథనాలలో స్త్రీపాత్రల బలాబలాలు

పురాణ కథలను స్త్రీల వైపు నుంచి తిరిగి చెప్పడం గత యాభై ఏళ్లలో మన దేశభాషలు అనేకంలో బలపడిన ధోరణి. తెలుగులో ఓల్గా రాసిన 'విముక్త' కథల సంపుటి 2010లో వెలువడి, 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకుంది. ఇలాంటి రచనలు చదివినప్పుడు ఒక సందేహం కలుగుతుంది. సీత చేతనో అహల్య చేతనో నాలుగు నిక్కచ్చి మాటలు అనిపించినంత మాత్రాన ఆ పాత్రకు నిజంగా బలం చేకూరినట్టేనా? రచయిత్రి తన మాటలను ఆ పాత్ర నోట పెట్టింది, అంతేనా? కథ ముగింపు మారనప్పుడు కొత్త సంభాషణ వల్ల ఒరిగేదేమిటి?

ఈ సందేహాన్ని తేలికగా కొట్టివేయకూడదని మా అభిప్రాయం. అట్లాగని అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చడమూ సాధ్యం కాదు. ఒక్కొక్క రచననూ విడివిడిగా, అది పుట్టిన కాలంలో పెట్టి చూడాలి. అలా చూడడానికి ఒక కొలబద్ద కావాలి. ఈ వ్యాసంలో అలాంటి కొలబద్ద ఒకదానిని ప్రతిపాదించి, తంజావూరు మొదలు నేటి దాకా కొన్ని రచనలను దానితో పరిశీలిద్దాం. ఈ చరిత్రలో ముఖ్య ఘట్టాలు కొన్ని తెలుగునాడుకు వెలుపల జరిగినవే. తంజావూరు, బెంగుళూరు, మద్రాసు లేకుండా ఈ చరిత్ర లేదు. కాబట్టి ఈ పత్రిక చదివే విద్యార్థులు దీనిని తమ ఊళ్ల చరిత్రగానే చదువుకోవచ్చు.

కొలబద్ద

కురుసభలో జూదం ముగిసింది. ద్రౌపదిని పిలుచుకు రమ్మని దుర్యోధనుడు దూతను పంపాడు. ఆమె వెంటనే బయలుదేరలేదు. ధర్మరాజు ముందు తనను తాను ఓడాడా, ముందు నన్ను ఓడాడా అని అడిగి రమ్మని దూతను తిప్పి పంపింది. సభకు ఈడ్చి తెచ్చిన తరువాతా అదే ప్రశ్న అడిగింది. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. వికర్ణుడు ఆమె పక్షాన మాట్లాడాడు. చివరికి ధృతరాష్ట్రుడు వరాలిచ్చాడు. వరాలు దొరికాయి గాని, ప్రశ్నకు జవాబు మాత్రం దొరకలేదు.

రామాయణంలో ఇందుకు తలకిందులైన పరిస్థితి కనిపిస్తుంది. యుద్ధం ముగిశాక లంకలో సీత జవాబు చెప్పవలసి వచ్చింది, అదీ అగ్నిలో ప్రవేశించి. ఉత్తరకాండలో మళ్లీ నిండు సభలో రుజువు చూపమన్నారు. ఆమె భూమిలోకి వెళ్లిపోయింది.

ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెడితే అసలు విషయం తేటపడుతుంది. ఈ స్త్రీలు మూగవాళ్లేమీ కారు. సీత లంకలో రాముడితో అన్న మాటలు వాల్మీకిలోనే చాలా పదునైనవి. ద్రౌపది వాదన న్యాయశాస్త్ర పండితులకే చిక్కుముడి. వారికి కొరవడింది మాట కాదు. అడిగిన మాటకు బదులు చెప్పవలసిన బాధ్యత ఎదుటివారి మీద లేకపోవడమే లోటు. స్త్రీ అడిగితే జవాబుండదు. స్త్రీని అడిగితే మాత్రం జవాబు చెప్పి తీరాలి.

అందువల్ల పునఃకథనాన్ని పరిశీలించేటప్పుడు నాయిక ఎంత గట్టిగా మాట్లాడింది అనేది ప్రధానం కాదు. ఎవరు ఎవరికి జవాబుదారీ అయ్యారు అన్నది చూడాలి. ఆ సంబంధం మారితే ముగింపు పాతదే అయినా పాత్రకు బలం వచ్చినట్టు. అది మారకపోతే ఎన్ని పేజీల సంభాషణ రాసినా అది ఓదార్పే అవుతుంది. ఇదీ మేము వాడదలచిన కొలబద్ద.

తంజావూరు రాధిక

స్త్రీవాదం అనే మాట తెలుగు సాహిత్యంలో 1980ల తరువాతే స్థిరపడింది. పాత కావ్యాలకు ఆ పేరు తగిలించడం చరిత్రకు న్యాయం కాదు. అయితే తెలిసిన కథను స్త్రీ పక్షాన తిప్పి చెప్పడం మాత్రం అంతకు చాలా ముందే ఉంది. అందుకు మేలైన ఉదాహరణ ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'.

ముద్దుపళని తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలోని కవయిత్రి, గణిక. ఆ రాజు పాలించినది 1739 నుంచి 1763 వరకు. మాతృభాష మరాఠీ అయిన రాజు, చుట్టూ తమిళదేశం, ఆస్థానంలో తెలుగు కావ్యం - నాటి తంజావూరు సంస్కృతి అలాంటిది. అంతకు వంద ఏళ్ల ముందు నాయకరాజు విజయరాఘవుని కొలువులో రంగాజమ్మ 'ఉషాపరిణయం', 'మన్నారుదాసవిలాసం' రచించింది. ముద్దుపళని ఆ పరంపరలోనిదే. ఆండాళ్ తిరుప్పావైని కూడా ఆమె తెలుగు చేసింది. అవతారికలో తన రూపాన్ని, విద్యను, కీర్తిని తానే చెప్పుకుంది. మగకవులు తమ గురించి చెప్పుకునే పద్ధతిలోనే చెప్పుకుంది. నాటికి అది సామాన్యమైన సంగతి కాదు.

కావ్యం నాలుగు ఆశ్వాసాలు. శుకుడు జనకునికి చెప్పినట్టుగా కథ నడుస్తుంది. రాధిక తాను పెంచిన ఇళాదేవిని యుక్తవయసు రాగానే కృష్ణునికిచ్చి పెళ్లి చేస్తుంది. తొలి రాత్రికి ఆ పిల్లకు బుద్ధులు తానే చెప్పి పంపుతుంది. ఆ తరువాత కృష్ణుని ఎడబాటు ఓర్వలేక కుమిలిపోతుంది. తిరిగి వచ్చిన కృష్ణుని మీద కోపం చూపుతుంది. కృష్ణుడు బతిమాలి, కాళ్ల మీద పడి ఊరడిస్తాడు. ఆ ఊరడింపే కావ్యానికి పేరైంది.

అలిగిన నాయిక, వేడుకునే నాయకుడు మన సాహిత్యానికి కొత్త కాదు. కృష్ణదేవరాయల కాలంలో నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లో సత్యభామ ఎడమకాలితో కృష్ణుని తలను తన్నింది. తన్నిన కాలు నొచ్చిందేమోనని కృష్ణుడే బాధపడ్డాడు. మరి ముద్దుపళని చేసిన కొత్తపని ఏమిటి? తిమ్మన కావ్యంలో సత్యభామ కోపం పారిజాత వృక్షం తేవడానికి హేతువు. చెట్టు వచ్చింది, కోపం తీరింది. ముద్దుపళని కావ్యంలో రాధిక కోపమే విషయం. ఆమె ఈర్ష్య, ఆమె కోరిక, తన చేతులతో తానే చేసిన పనికి తానే పడే బాధ - వీటి చుట్టూనే కథ తిరుగుతుంది. శృంగారంలో చొరవ రాధికదే. ఆమె తృప్తి కవయిత్రికి ముఖ్యం. కృష్ణుడు ఆమెకు సమాధానం చెప్పవలసినవాడు.

ఇక్కడ మన కొలబద్ద పెట్టి చూద్దాం. రాధిక అడిగింది, కృష్ణుడు జవాబు చెప్పుకున్నాడు. ఆ మేరకు పాత్రకు బలం వచ్చిన మాట నిజం. అయితే ఆ జవాబు ఒక రాత్రికి సంబంధించినది. మగవాడు ఒకరిని విడిచి ఒకరిని చేరే ఏర్పాటు అట్లాగే ఉన్నది. ఆ ఏర్పాటు గురించి కృష్ణుణ్ణి ఎవరూ నిలదీయలేదు. పైగా సాంత్వనం రాధికకే గాని ఇళకు కాదు. ఇళను పెంచిందీ, పెళ్లి చేసిందీ, గదిలోకి పంపిందీ రాధిక. తరువాత ఆమె మీద అసూయ పడిందీ రాధికే. ఈ వ్యవహారంలో ఇళకు జవాబు చెప్పవలసినవారు ఎవరూ లేరు. ఒక స్త్రీకి దొరికిన బలం మరొక స్త్రీకి దొరకలేదు. ముద్దుపళనిని మెచ్చుకుంటూనే ఈ సంగతిని కూడా మనం గుర్తించాలి. గణికల జీవితాన్ని లోపలినుంచి ఎరిగిన కవయిత్రి కాబట్టి ఈ చిక్కును దాచలేదనీ చెప్పవచ్చు. వయసు మళ్లుతున్న స్త్రీ తాను పెంచిన పిల్లను తన చోట నిలబెట్టి బాధపడడం ఆమెకు ఊహించి రాయవలసిన విషయం కాకపోవచ్చు.

గ్రంథానికి పట్టిన గతి

ఈ కావ్యం కథ ఇక్కడితో ఆగదు. పాత్రకు దొరికిన స్వేచ్ఛకు కవయిత్రి, ఆ తరువాత ప్రచురించిన ఆమె మూల్యం చెల్లించవలసి వచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దం చివర ఈ గ్రంథం అచ్చయింది. అయితే అవతారిక, కొన్ని పద్యాలు అందులో లేవు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 'ఆంధ్రకవుల చరిత్రము'లో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, స్త్రీ నోట రాకూడని మాటలు రాసిందని తీవ్రంగా గర్హించారు. 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన సంస్కర్త ఆయన. స్త్రీల కష్టం తెలిసినవారే. కాని కష్టపడే స్త్రీని ఆదరించిన సంస్కరణోద్యమం, కోరిక గల స్త్రీని అంగీకరించలేకపోయింది. దేవదాసీ వ్యవస్థను రూపుమాపాలనే తపనలో ఆ స్త్రీల విద్యను, కవిత్వాన్ని కూడా కలిపి తోసివేసింది.

దీనికి బదులు చెప్పినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో పుట్టింది. బెంగుళూరులో పేరు తెచ్చుకుని మద్రాసులో స్థిరపడిన సంగీత విదుషి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని తన సొంత డబ్బుతో కట్టించినది ఈమే. ముద్దుపళని రచన పూర్తి ప్రతిని సంపాదించి, విడిచిపెట్టిన భాగాలను చేర్చి, 1910లో వావిళ్లవారి ద్వారా మద్రాసులో ప్రచురించింది. పీఠికలో వీరేశలింగం గారి విమర్శను నేరుగా ఎదుర్కొన్నది. సిగ్గనేది స్త్రీలకే ఉండాలా, అంతకంటె పచ్చిగా రాసిన మగకవులకు ఆ నియమం ఎందుకు లేదు అన్నది ఆమె వాదన సారాంశం.

గమనించండి. ఇదీ ఒక ప్రశ్నే. దానికి జవాబు సాహిత్య వేదిక మీద రాలేదు, పోలీసుల ద్వారా వచ్చింది. 1911లో అశ్లీలమనే అభియోగంతో ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. పండితులు ప్రభుత్వానికి విజ్ఞప్తులు చేసుకున్నా ఫలం లేకపోయింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1946-47లో మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. వావిళ్లవారు 1952లో మళ్లీ అచ్చువేశారు. నాగరత్నమ్మ కన్నుమూసింది ఆ సంవత్సరంలోనే.

అంటే కృష్ణుడు రాధికకు జవాబు చెప్పాడు గాని, ప్రభుత్వం గాని పండితలోకం గాని నాగరత్నమ్మకు నాలుగు దశాబ్దాల పాటు జవాబు చెప్పలేదు. కథలోని స్త్రీ బలం వేరు, కథ చెప్పే స్త్రీ బలం వేరు. పునఃకథనాల చర్చలో ఈ రెండు లెక్కలనూ విడివిడిగా రాసుకోవాలి.

పాటల్లో ఊర్మిళ

అచ్చుకు, ఆస్థానానికి దూరంగా మరో పరంపర ఉంది. అది స్త్రీల రామాయణపు పాటలు. వీటిని హైదరాబాదులోని ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో సంపుటిగా ప్రచురించింది. 1991లో వెల్చేరు నారాయణరావు ఆంగ్లంలో రాసిన వ్యాసంతో వీటి విలువ ఇతర భాషల పండితులకూ తెలిసివచ్చింది.

'ఊర్మిళాదేవి నిద్ర' చాలామంది ఇళ్లలో వినిపించిన పాట. లక్ష్మణుడు అన్నతో అడవికి వెళ్లిన పద్నాలుగేళ్లూ ఊర్మిళ నిద్రపోయింది. పట్టాభిషేకమైనా లక్ష్మణునికి భార్య గుర్తు రాలేదు. ఆ సంగతి సీత పూనుకుని చెప్పిస్తే గాని అతడు ఊర్మిళ గదికి వెళ్లడు. మేలుకున్న ఊర్మిళ అతణ్ణి గుర్తుపట్టదు. పరపురుషుడెవరో వచ్చాడని భయపడి, కోపించి, పరస్త్రీని కోరి చెడిన ఇంద్రుని, రావణుని గతి ఏమైందో చెప్పి హెచ్చరిస్తుంది. తాను ఆమె భర్తనేనని లక్ష్మణుడు చెప్పి ఒప్పించుకోవాలి.

లంకలో భార్య తన శీలాన్ని భర్తకు రుజువు చేసుకుంది. ఇక్కడ భర్త తానెవరో భార్యకు రుజువు చేసుకోవాలి. వాదోపవాదాలు లేకుండా, ఒక్క ఆవేశపు మాట లేకుండా పాట ఈ తారుమారును సాధించింది. జవాబు చెప్పే బాధ్యత మగవాడి మీదికి మళ్లింది.

శూర్పణఖ వేషం మార్చి వచ్చి సీత చేత రావణుని బొమ్మ గీయించే పాట కూడా ఇలాంటిదే. సీత చూసినది రావణుని కాలి బొటనవేలు మాత్రమే. అంతవరకే గీసింది. మిగిలినది శూర్పణఖ పూర్తి చేసింది. బొమ్మకు ప్రాణం వచ్చింది. రాముడు సీతను అనుమానించి శిక్ష విధించాడు. అంతఃపురంలోని ఆడవాళ్లు సీత పక్షాన నిలిచి రాముణ్ణి తప్పుపట్టారు. సీతను పంపడం ఆగలేదు నిజమే. కాని రాముని నిర్ణయం తప్పు పట్టరానిదనే భావం ఆ ఇంటిలో నిలవలేదు.

అయితే ఈ పాటలకు ఒక హద్దు ఉంది. ఇవి ఆడవాళ్లు ఆడవాళ్ల మధ్య పాడుకున్నవి. మగవాళ్ల చెవిన పడినా వారు పట్టించుకోలేదు. ఊర్మిళ పాట చివర తలంట్లు, అలంకారాలు, దంపతుల సఖ్యం. పోయిన పద్నాలుగేళ్లకు ఎవరూ లెక్క చెప్పరు. పట్టించుకోకపోవడం వల్లనే ఆ పాటలకు స్వేచ్ఛ దక్కింది. ముద్దుపళని కావ్యం అచ్చయి బజారులోకి వచ్చింది కాబట్టి పోలీసుల కంట పడింది. నాలుగు గోడల మధ్య మిగిలిన పాట జోలికి ఎవరూ పోలేదు. ఆ స్వేచ్ఛలోనే దాని బలహీనతా ఉంది.

పొరుగు భాషల్లో

మన విద్యార్థులు చాలామంది పాఠశాలలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదివినవారే. ఇది వారికున్న పెద్ద వసతి. ఈ నాలుగు భాషల్లో ఒక్కొక్క రచనను అదే కొలబద్దతో చూద్దాం.

కన్నడంలో కువెంపు 1949లో 'శ్రీరామాయణ దర్శనం' వెలువరించారు. 1955లో ఆ కావ్యానికి సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అందులో అగ్నిపరీక్ష సమయంలో సీతతో పాటు రాముడూ అగ్నిలో ప్రవేశిస్తాడు. జవాబు చెప్పే బాధ్యతను కవి ఇద్దరికీ సమంగా పంచాడు. ఇది సామాన్యమైన మార్పు కాదు. అయినా పరీక్ష రద్దు కాలేదు, పరీక్షకు నిలబడేవారు ఒకరికి ఇద్దరయ్యారు.

తమిళంలో పుదుమైపిత్తన్ 1943లో రాసిన 'శాపవిమోచనం' కథ అహల్యది. వాల్మీకి బాలకాండలో అహల్య రాయి కాదు. ఎవరికీ కనబడకుండా గాలి పీల్చుకుంటూ తపస్సు చేసింది. ఆమెను రాయిని చేసినవి తరువాతి కథనాలు. పుదుమైపిత్తన్ ఆ రాతి కథనే తీసుకున్నాడు. శాపం తీరి, మళ్లీ మనిషిగా బతుకుతున్న అహల్యకు, రాముడు సీతను అగ్నిలో దూకమన్నాడని సీత ద్వారానే తెలుస్తుంది. తనకు న్యాయం చేసినవాడు భార్యకు చేయలేదని తెలిసి ఆమె తిరిగి రాయి అవుతుంది. రాముని మీద ఇంతకంటె కఠినమైన తీర్పు మరొకటి ఉండదు. కాని ఆ తీర్పు వల్ల శిక్ష పడింది అహల్యకే. కథ పాఠకుణ్ణి కదిలిస్తుంది. పాత్రకు మాత్రం రాతి మౌనమే మిగిలింది.

ఒడియాలో ప్రతిభా రాయ్ 'యాజ్ఞసేని' నవలలో ద్రౌపది తన కథను తానే చెప్పుకుంటుంది. మహాప్రస్థానంలో నేలకొరిగిన ద్రౌపది కృష్ణునికి రాసుకున్న లేఖగా నవల నడుస్తుంది. కథ చెప్పే అధికారం పూర్తిగా ఆమెది. కాని లేఖకు జవాబు రాదు. ఆమె ఎవరినైతే అడుగుతున్నదో ఆయన మీద ఆమెకు భక్తి కూడా ఉంది. భక్తురాలు ప్రశ్నించినా ఆ ప్రశ్న ప్రార్థనగా మారిపోయే అవకాశం ఉంటుంది. ఈ నవలకు ఉన్న ఆకర్షణా, చిక్కూ అదే.

మరాఠీలో ఇరావతీ కర్వే 'యుగాంత' పుస్తకానికి 1968లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అది కథ కాదు, వ్యాసాల సంపుటి. అందరూ మెచ్చే ద్రౌపది సభాప్రశ్నను కర్వే మెచ్చలేదు. అంతటి అవమాన సమయంలో ధర్మశాస్త్ర చర్చకు దిగడం పొరపాటన్నారు. ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించం. కాని దేవతను చేయకుండా, తప్పు చేయగల మనిషిగా ద్రౌపదిని చూడడం కూడా ఒక గౌరవమే. పాత్రను పొగడడం ఒకటి, పాత్రను బలపరచడం మరొకటి అని ఆ పుస్తకం మనకు నేర్పుతుంది.

అడగడం నుంచి నిరాకరణ దాకా

ఆధునిక తెలుగులో ఈ దారి తొక్కినవారిలో చలం ముందువరుసలోనివాడు. ఆయన 'సీత అగ్నిప్రవేశం' నాటికలో సీత రాముణ్ణి ముఖాముఖి నిలదీస్తుంది. ఆ సీత మాటల్లో చలం గొంతు వినిపిస్తుందని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణలో కొంత నిజముంది. 1974-76 మధ్య మూడు భాగాలుగా వచ్చిన రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' లక్ష్యం వేరు. అది సీతను బలపరచడానికి రాసినది కాదు. రామాయణాన్ని ఆదర్శంగా భావించే సమాజాన్ని జవాబు అడిగినది. కాబట్టి ఆ గ్రంథంలో సీత ఎంత బలపడింది అని కొలవడం సరికాదు.

ఓల్గా 'విముక్త'లోని కథలు అయిదు: సమాగమం, మృణ్మయనాదం, సైకతకుంభం, విముక్త, బంధితుడు. మొదటి నాలుగింటిలో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుంటుంది. చివరిది రాముని కథ. ఈ ఏర్పాటులోనే పెద్ద మార్పు ఉంది. రామాయణంలో ఈ స్త్రీలు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సందర్భాలు చాలా తక్కువ. శూర్పణఖ, సీత శత్రువులు. ఇక్కడ శూర్పణఖ అందమైన తోట పెంచుకుని, తనకు నచ్చిన తోడును ఎంచుకుని ప్రశాంతంగా బతుకుతున్నది. ముక్కుచెవులు కోసిన మగవాళ్లు ఆమెకు జవాబు చెప్పలేదు. ఆమె ఆ జవాబు కోసం ఎదురుచూడడం మానివేసింది.

'మృణ్మయనాదం'లో అహల్య మరో అడుగు ముందుకు వేస్తుంది. వచ్చినవాడు ఇంద్రుడని తెలుసా తెలియదా అని లోకం అడుగుతూనే ఉంది. ఆ విచారణకు ఒప్పుకోవడమే ఓటమి అన్నది ఆమె భావం. నిన్ను విచారించే అధికారాన్ని ఎవరికీ ఇవ్వవద్దన్న ఆమె హితవు ఆనాడు సీతకు అంతుబట్టదు. అగ్నిపరీక్ష తరువాత అర్థమవుతుంది. పుదుమైపిత్తన్ అహల్య, ఓల్గా అహల్య ఇద్దరూ రాముని ధర్మాన్ని ఒప్పుకోలేదు. ఆయన అహల్య ఆ నిరాకరణతో రాయి అయితే, ఈమె అహల్య ఆ నిరాకరణతో స్వతంత్రురాలైంది.

ఊర్మిళ విషయంలోనూ ఇలాంటి పోలికే చూడవచ్చు. పాటలో ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రించింది. ఓల్గా ఊర్మిళ నిద్రపోలేదు. తలుపు మూసుకుని, తన కోపాన్నీ దుఃఖాన్నీ, మనుషుల మధ్య అధికారం ఎలా పనిచేస్తుందో అన్న విషయాన్నీ ఆలోచించుకుంటూ గడిపింది. పాట లక్ష్మణుని చేత జవాబు చెప్పించి తృప్తిపడింది. కథ ఆ జవాబే అవసరం లేని స్థితిని చూపింది.

మన కొలబద్దకు ఇక్కడ ఒక సవరణ అవసరమవుతుంది. స్త్రీపాత్ర బలపడే మార్గాలు రెండు. ఒకటి, ఎదుటివారు ఆమెకు జవాబు చెప్పవలసి రావడం. రెండవది, ఎదుటివారికి జవాబు చెప్పడానికి ఆమె నిరాకరించడం. రాధిక, పాటలోని ఊర్మిళ మొదటి దారి. ఓల్గా నాయికలు రెండవ దారి.

ఈ రెండవ దారిపై రావలసిన విమర్శలూ ఉన్నాయి. ఓల్గా కథల్లో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ దాదాపు ఒకే భాషలో, ఒకే వివేకంతో మాట్లాడతారు. కోపం చల్లారి జ్ఞానం కలిగిన స్థితిలోనే మనకు కనిపిస్తారు. రాధికలో ఉన్న ఈర్ష్య, తడబాటు వీరిలో తక్కువ. అడవి మనిషిగా శూర్పణఖకు ఉన్న వేరు చరిత్ర ఆ తోటలో కొంత మరుగున పడిందనీ చెప్పవచ్చు. పాత ఆదర్శ స్త్రీ చోట కొత్త ఆదర్శ స్త్రీ వచ్చి కూర్చుంటే పాత్రకు మళ్లీ బరువు పెరుగుతుంది. తప్పు చేసే హక్కు కూడా స్వేచ్ఛలో భాగమే. ఇక పక్కకు తప్పుకునే స్వేచ్ఛ వనవాసంలో ఉన్న సీతకు దొరికింది. ఇల్లు విడిచి ఎక్కడికీ పోలేని స్త్రీకి ఆ దారి ఎంతవరకు ఉపకరిస్తుందనేది మిగిలిన ప్రశ్న. అయినా స్త్రీలు పరస్పరం చెప్పుకుని, విని, నేర్చుకునే సంబంధాన్ని కథకు కేంద్రం చేయడం మాత్రం ఈ సంపుటి సాధించిన స్థిరమైన విజయం. ముద్దుపళని కావ్యంలో రాధికకు, ఇళకు మధ్య పొసగనిది ఇక్కడ సీతకు, శూర్పణఖకు మధ్య పొసగింది.

ఉపసంహారం

ఇంతవరకు చూసిన దానిని బట్టి మూడు విషయాలు చెప్పవచ్చు. మొదటిది: పునఃకథనం అయినంత మాత్రాన స్త్రీపాత్ర బలపడదు. పదునైన సంభాషణ బలానికి గుర్తు కాదు, ఎందుకంటే వాల్మీకి సీతకూ, భారతంలోని ద్రౌపదికీ అది ముందే ఉంది. రెండవది: జవాబుదారీతనం చేతులు మారిన చోట, ముగింపు మారకపోయినా పాత్ర మారుతుంది. ఊర్మిళ పాట ఇందుకు సాక్ష్యం. మూడవది: ఒక పాత్రకు దక్కిన బలం పక్కనున్న మరో స్త్రీకి కూడా దక్కిందా అని చూడాలి. రాధికతో పాటు ఇళను కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే మన అంచనా పూర్తవుతుంది.

వీటికి తోడు నాగరత్నమ్మ అనుభవం నేర్పే పాఠం ఒకటుంది. కావ్యంలోని రాధికకు బలం ఉన్నదా లేదా అని మనం చర్చించుకోగలుగుతున్నది ఆమె ఆ పుస్తకాన్ని పూర్తిగా అచ్చు వేయించడం వల్లనే. ఆమెకు తెలుగునాడులో ఇల్లు లేదు. నంజనగూడులో పుట్టి, మద్రాసులో జీవించి, తెలుగు పుస్తకం కోసం తెలుగు పండితులతోనూ ప్రభుత్వంతోనూ తలపడింది.

బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో తెలుగు చదువుకుంటున్న విద్యార్థులకు ఈ రంగంలో చేయదగిన పని ఎంతో ఉంది. ఆ ఊళ్లలోని పెద్ద ముత్తయిదువలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఊర్మిళ పాట ఏ రూపంలో గుర్తున్నదో, అది పొరుగుభాష పాటలతో కలిసి ఎలా మారిందో సేకరించవచ్చు. లక్ష్మణుడు జవాబు చెప్పే చోట ఆ ఊరి పాట ఏమంటున్నదో చూడవచ్చు. పాడేవారి పేరు, ఊరు, ఆమె ఎవరి దగ్గర నేర్చుకున్నదీ తప్పక రాసుకోవాలి. పాటలోని స్త్రీకి గుర్తింపు ఇచ్చి, పాడిన స్త్రీ పేరు విడిచిపెట్టడం మన సేకరణల్లో చాలాకాలంగా ఉన్న లోపం. ఆ లోపం కొత్త తరం చేతిలోనైనా తీరాలి.